సంచికకి ఒక్క ప్రముఖ

చిక్కడపల్లిలో పళ్ల డాక్టరు వెంకటరామయ్య గారికి ఒక్కరే భార్య. పేరు లక్ష్మి గారు. ఈ సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు, డాక్టరుగారికి మరీ బాగా తెలుసు. అయినా మా పత్రిక మొన్నటి వేసవి సంచికలో, గానసభలో జరిగిన ఒక సన్మానం ఫొటో కింద, "ప్రముఖ దంత వైద్యులు డాక్టర్ వెంకటరామయ్య, వారి ప్రముఖ భార్య లక్ష్మి గార్లను నిర్వాహకులు శాలువాతో సత్కరించారు" అని అచ్చు వేసింది.

అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. ఫొటో కూడా బాగానే వచ్చింది. కాకపోతే సంచిక ఇంటింటికీ చేరిన రోజునే బర్కత్‌పురలో ఉండే డాక్టరుగారి అక్కగారు ఫోన్ చేసి, "ఒరే, మరి ఆ రెండో ఆవిడ ఎక్కడుంటుందిరా?" అని అడిగారట. లక్ష్మి గారు మాత్రం ఇంకో రెండు కాపీలు ఉంటే పంపమని కబురు పెట్టారు. పుట్టింటికి పంపుకోవడానికట.

ఆ వాక్యం రాసినవాడు కుమారస్వామి. మా "నాలుగు వీధులు" మాసపత్రికకి విలేకరి అతనే, ఉపసంపాదకుడు అతనే, చందాలు అడిగేవాడూ అతనే. పత్రిక పేరులో నాలుగు వీధులున్నా, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ దాటి మా వార్త ఎప్పుడైనా దోమలగూడ దాకా వెళ్తే అది మాకు విదేశీ వార్త కింద లెక్క. కుమారస్వామి రాసింది నేను కంప్యూటర్‌లో కొట్టి పేజీలు కడతాను. ఆ వాక్యం కూడా నేనే కొట్టాను. కొడుతున్నప్పుడు అందులో నాకేమీ వింతగా కనపడలేదు. అలవాటు అలాంటిది.

ఏ అలవాటో చెప్పాలి. మీరు ఏ పత్రికైనా తీసి చూడండి, 'ప్రముఖ' అనే మాట పెళ్లిపందిట్లో ప్లాస్టిక్ కుర్చీలా ఉంటుంది. వచ్చినవాళ్లెవరైనా కూర్చోవచ్చు. ప్రముఖ కవి, ప్రముఖ న్యాయవాది, ప్రముఖ వాస్తు పండితుడు, ప్రముఖ సంఘసేవకుడు. అందరికీ ఆ కుర్చీ వేసి కూర్చోబెట్టడంలో మా కుమారస్వామిది పెద్ద చెయ్యి.

"పేరు ముందట ఏం లేకపోతే మనిషి చెప్పుల్లేకుంట స్టేజీ ఎక్కినట్టు కొడ్తదక్కా" అంటాడు.

"అయితే అందరికీ అవే చెప్పులా? సుప్రసిద్ధ ఉంది, వర్ధమాన ఉంది, సీనియర్ ఉంది" అన్నాను ఓసారి.

"అవన్ని పరేషాన్ మాటలక్కా. సుప్రసిద్ధ అంటే యాడ ప్రసిద్ధి అని అడుగుతరు. వర్ధమాన అంటే ఇంకెన్నేండ్లు అని అడుగుతరు. సీనియర్ అంటే వయసు అడుగుతరు. ప్రముఖ అంటే ఎవ్వరు ఏం అడగరు."

"నిజంగా పేరున్నవాళ్లకి మాత్రం రాయవేం?"

"వాళ్లకెందుకు? ప్రముఖ ముఖ్యమంత్రి అని ఎవరన్న రాస్తరా? లేనోళ్లకే గదా పెట్టాల్సింది."

అతని పని తీరు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. గానసభలో సాయంత్రం సన్మానం ఉంటే, కాస్త ముందే వెళ్లి ఫ్యాను కింద కుర్చీ చూసుకుని కూర్చుంటాడు. వేదిక మీద ఇంకా కుర్చీలు సర్దుతూ ఉంటారు. ఇతను కాగితం తీసి ఎడమ పక్కన పైనుంచి కింద దాకా 'ప్రముఖ' అని వరసగా రాసి పెట్టుకుంటాడు. పక్కన ఖాళీ. ప్రయోక్త గబగబా పేర్లు చదువుతూ ఉంటే, ఒక్కో పేరు ఒక్కో ఖాళీలో పడేస్తాడు. ఆవేళ డాక్టరుగారిని పిలిచారు. శాలువా కప్పబోతూ, అమ్మగారు కూడా రావాలి అని లక్ష్మి గారినీ పైకి పిలిచారు. ఆవిడ పేరు తర్వాతి ఖాళీలో పడింది. అంతే జరిగింది.

*

కుమారస్వామిది జనగామ పక్క ఒక పల్లె. బీఏ అయ్యాక, గ్రూప్ టూ కొట్టి ఆఫీసరై వస్తానని ఇంట్లో చెప్పి, ఒక సంచీతో అశోక్‌నగర్‌లో దిగాడు. అప్పుడు అక్కడ ఇన్ని కోచింగ్ ఫ్లెక్సీలు లేవు కానీ, పుస్తకాలు చంకన పెట్టుకుని తిరిగే కుర్రాళ్లు ఇప్పటిలాగే ఉండేవాళ్లు. పొద్దున్నే లైబ్రరీకి వెళ్లి కుర్చీ మీద తువ్వాలు వేసి జాగా పట్టుకోవడం, మధ్యాహ్నం యశోదమ్మ మెస్‌కి పరిగెత్తడం, మళ్లీ తువ్వాలు దగ్గరికి రావడం, ఇదీ అతని ఆనాటి జీవితం.

యశోదమ్మది అశోక్‌నగర్ సందులో ఒక పాత ఇంటి ముందు భాగం. కిరాయి ఇల్లే. సిద్దిపేట వైపు నుంచి భర్తతో వచ్చింది. ఆయన నారాయణగూడలో ఒక ప్రెస్సులో పని చేసేవాడు, ఆయన పోయాక మెస్ ఆమె ఒక్కతే నడిపింది. అన్నం, పప్పుచారు, ఒక కూర. ఆదివారం మాత్రం మనిషికో ఉడికించిన గుడ్డు. రెండో గుడ్డు అడిగేవాళ్లు ఎప్పుడూ ఉండేవాళ్లు. అందులో ముందుండేవాడు కరీంనగర్ నుంచి వచ్చిన క్రాంతికుమార్. కుమారస్వామి కంటే ఏడాది రెండేళ్లు చిన్న. ఆ రోజుల్లో ఇతన్ని "స్వామన్నా" అనేవాడు, ఇతను "తమ్మీ" అనేవాడు.

ఒక ఆదివారం నాడు ఫలితాలొచ్చాయి. కుమారస్వామి నంబరు లేదు. ఎవరి మొహం చూడలేక సందులన్నీ తిరిగి, మెస్ మూసే వేళకి వెళ్లి మూల కూర్చున్నాడు. గిన్నెలో ఒక్క గుడ్డు ఉంది. యశోదమ్మ దాన్ని తెచ్చి ఇతని పళ్లెంలో పెట్టింది.

అప్పటికే తిని, రెండోదాని కోసం చెయ్యి కడుక్కోకుండా కూర్చున్న క్రాంతికుమార్ లేచి, "అమ్మా, నేను ముందుగాల అడిగిన గదా!" అన్నాడు.

"ఒక్కటే మిగిలింది బిడ్డా. ఆకలి మీదున్నోనికి పెట్టిన" అంది ఆవిడ, గిన్నె బోర్లిస్తూ.

ఈ కథ కుమారస్వామి మాకు చాలాసార్లు చెప్పాడు. చివర ఎప్పుడూ ఒకటే ముక్తాయింపు: "ఆ గుడ్డు తిని, మళ్ల రాద్దామనుకున్న అక్కా. మళ్ల రాసిన. మళ్ల రాలె. గుడ్డు తప్పేం లేదు."

పత్రికలోకి రావడం కూడా 'ప్రముఖ' అనే మాట పుణ్యమే. మెస్‌లో తోటి కుర్రాడి పెళ్లి కుదిరితే, కార్డు వేయించడానికి తోడుగా నారాయణగూడలో రాఘవేంద్ర గారి ప్రెస్సుకి వెళ్లాడు. కార్డులో పెళ్లికొడుకు తండ్రి పేరు ముందు ఏం వేయాలని ప్రెస్సులో అడిగారు. ఆ కుర్రాడు తల గోక్కున్నాడు. తండ్రికి రెండెకరాల చెలక తప్ప ఏమీ లేదు. కుమారస్వామి కలం తీసుకుని "ప్రముఖ రైతు పీరయ్య గారి" అని రాసిచ్చాడు. కార్డులు ఊరు చేరాక పీరయ్య ఆ కార్డు జేబులో పెట్టుకుని, పెళ్లికి పిలవాల్సిన అవసరం లేనివాళ్లకి కూడా చూపించి వచ్చాడట. ఆ మాట విన్న రాఘవేంద్ర గారు, అప్పుడప్పుడే పత్రిక పెట్టే ఆలోచనలో ఉన్నారు, ఇతన్ని పిలిచి, "మా దగ్గర రాస్తారా?" అన్నారు.

రాఘవేంద్ర గారి తండ్రి ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు గుంటూరు నుంచి ఇక్కడికి ఉద్యోగానికి వచ్చి స్థిరపడ్డారు. ఈయన పుట్టింది, పెరిగింది, ప్రెస్సు పెట్టింది అంతా నారాయణగూడే. ఎవరినైనా 'మీరు' అంటారు. కోపం వస్తే ఇంకొంచెం ఎక్కువ 'మీరు' అంటారు.

*

డాక్టర్ వెంకటరామయ్య గారు స్వయంగా ఆఫీసుకి వచ్చిన రోజు రాఘవేంద్ర గారు చాలా ఎక్కువ 'మీరు' అన్నారు.

డాక్టరుగారు అరవలేదు. కుర్చీలో కూర్చుని, నీరసంగా, "నోరు తెరిచి పడుకున్న పేషెంటు కూడా, నేను దూది తీయగానే మొదట అదే అడుగుతున్నాడండీ" అన్నారు. ఇచ్చిన టీ తాగారు. సవరణ వేస్తామంటే, "వద్దండి బాబూ, మళ్లీ గుర్తు చేసినట్టవుతుంది" అని లేచి వెళ్లిపోయారు.

ఆయన మెట్లు దిగేదాకా ఆగి, రాఘవేంద్ర గారు ఆ సంచిక తెరిచి పైకి చదవడం మొదలుపెట్టారు. ప్రముఖ హోమియో వైద్యులు. ప్రముఖ జ్యోతిష్కులు. ప్రముఖ ఫొటోగ్రాఫర్. ప్రముఖ శ్రోత. అక్కడ ఆగారు.

"ఈయన ఎవరండీ?"

"రోజూ గానసభకు వస్తడు సార్. ఏ ప్రోగ్రామైనా వస్తడు. స్టేజీ మీద నలుగురే ఉంటే ఆయన్ని గూడ పిలిచి కూసోబెట్టిన్రు."

"కుమారస్వామి గారూ, మీరు నిజం చెప్పండి. ఈ నాలుగు వీధుల్లో ప్రముఖులు కానివాళ్లు ఎవరన్నా మిగిలారా?"

"ఉన్నరు సార్" అన్నాడు కుమారస్వామి, చాలా నిజాయితీగా. "ఇంక ఆడిదాక పోలె."

రాఘవేంద్ర గారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ నెల నుంచి సంచికకి ఒక్క ప్రముఖ. ఒక్కటే. అది ఎవరికో ముందు అనుకుని వేద్దాం. మిగతావాళ్లందరికీ ఉత్త పేర్లు."

ఉత్త పేర్లతో వచ్చిన మొదటి సంచిక చూస్తే, పండగపూట పిల్లలు బనీన్లతో నిలబడ్డట్టు ఉంది. ఆ ఒక్కటీ, క్షమాపణ కింద, డాక్టరుగారికి వెళ్లింది. ఆయనకి ఒక్కరికే. ఈసారి లక్ష్మి గారు కాపీలు అడగలేదు.

తర్వాత ఫిర్యాదులు మొదలయ్యాయి. రిటైరైన హెడ్మాస్టరు ఒకాయన పాత సంచిక, కొత్త సంచిక రెండూ పట్టుకుని వచ్చి, "మార్చిలో నేను ప్రముఖ విద్యావేత్తని. ఇప్పుడేమయ్యానండీ? ఒంట్లో బాగానే ఉందే!" అన్నారు. ఇంకొకరు, ఫంక్షన్ హాలు మాట్లాడుకున్నట్టు, "వచ్చే నెలది ఖాళీ ఉందా, ఎవరన్నా తీసుకున్నారా?" అని ఫోన్ చేశారు. కుమారస్వామి సభలకి వెళ్తూనే ఉన్నాడు. కానీ కాగితం మీద ఎడమ పక్కన ఏమీ రాయకుండా, చేతులు కట్టుకుని కూర్చునేవాడు. చూస్తే జాలేసేది.

ఇంట్లో కూడా సుఖం లేదు. అతని భార్య సంధ్య దోమలగూడలో ఒక బడిలో టీచరు. కూర బాగుందని అతను అంటే, "ఈ నెల ప్రముఖ అయిపోయిందా? నాకు చెప్పకుంటనే ఇచ్చినవా?" అని అడిగేదట.

*

అలా ఉండగా ఒక మధ్యాహ్నం అతను అశోక్‌నగర్ వెళ్లాడు. ఇప్పటికీ వారానికోసారి యశోదమ్మ మెస్‌లో తింటాడు. నన్నూ రమ్మంటే వెళ్లాను. ఆవిడ అలమరా అరల్లో మా పత్రిక పాత సంచికలే పరిచి ఉంటాయి. కారం డబ్బా కింద ఒక ప్రముఖ న్యాయవాది, చింతపండు కింద ఒక ప్రముఖ గాయని.

యశోదమ్మ పప్పుచారు పోస్తూ ఏ ఉపోద్ఘాతమూ లేకుండా చెప్పింది. "ఇల్లు కూలగొడ్తున్నరు బిడ్డా. ఐదంతస్తుల హాస్టల్ కడ్తరట. ఈ నెలాఖరుకు బంద్ జేసి ఊరికి పోతున్న."

కుమారస్వామి అన్నం కలపడం ఆపేశాడు. "పోయి ఏం జేస్తవమ్మా?"

"ఏం జేస్త? కూసుంట. మోకాళ్లు గూడ అదే అంటున్నయ్." గరిటె పక్కన పెట్టి, కొంగుతో చెయ్యి తుడుచుకుని ఎదురుగా కూర్చుంది. "ఒకటి అడుగుత, చేస్తవా?"

"అడుగు."

"నీ పేపర్ల అందరికి రాస్తవు గదా, ఒక మాట. గా మాట నాకు రాయి."

"ఏ మాట?"

"తెల్వనట్టు అడుగుతవేంది? పిల్లలు సదువుతుంటె వింటనే ఉంటి గద. ప్రముఖ. గా పండ్ల డాక్టర్ పెండ్లానికి గూడ రాసినవట!"

నేను నీళ్లు తాగుతున్నాను. పొలమారింది.

"నీకెందుకమ్మా ఆ మాట?" అన్నాడు కుమారస్వామి.

యశోదమ్మ వాకిట్లో ఎవరూ లేరని చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "మా ఆడిబిడ్డ ఎల్లవ్వ లేదా, నేను పట్నంల ఎవలింట్లనో అంట్లు తోముకుంట బతుకుతున్ననని ఊరంత చెప్పింది. ఇన్నేండ్లు నేను పట్టించుకోలె. ఏడనో దూరం ఉంటి. ఇప్పుడు ఆమె గోడ పక్కన్నే ఉండాలె. పొద్దుగాల లేస్తె ఆమె ముఖం, పొద్దుమూకితె ఆమె ముఖం. వచ్చి పోయేటోళ్లంత, పట్నంల ఏం జేసినవే యశోద అని అడుగుతరు. నేను ఏమని చెప్పాలె? గింతమందికి అన్నం పెట్టిన్నని నా అంతల నేను చెప్పుకుంటె బాగుంటదా? అచ్చుల ఉంటె చూపిస్త. నువ్వే అంటవు గదా, గా మాట ఉంటే ఎవ్వరు ఏం అడగరని."

"రాస్తనమ్మా" అన్నాడు కుమారస్వామి.

బయటికొచ్చాక నేను గుర్తు చేశాను. "నెలకొక్కటే కదా కుమారస్వామీ. రాఘవేంద్ర గారిని అడిగావా?"

"ఒక్కటి ఉన్నది గదా అక్కా" అన్నాడు.

*

ఒక్కటీ లేదు. అప్పటికే పోయింది.

అది పట్టుకుపోయినవాడు క్రాంతికుమార్. గుడ్డు దగ్గర వెనకబడ్డా, మిగతా అన్నిట్లో ముందుకెళ్లాడు. అతనికీ ఉద్యోగం రాలేదు గానీ, ఉద్యోగాలకి చదివేవాళ్లకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టి, ఇప్పుడు అశోక్‌నగర్‌లో పెద్ద కోచింగ్ సెంటర్ నడుపుతున్నాడు. మా పత్రిక వెనక అట్ట మీద ఏడాది పొడుగునా అతని ప్రకటనే. కుమారస్వామి ఇప్పుడతన్ని 'సార్' అంటాడు. అతను మాత్రం పాత అలవాటు కొద్దీ 'స్వామన్నా' అనే అంటాడు. ఆ నెలలోనే సెంటర్ వార్షికోత్సవం. ఫొటోలు స్వయంగా తెచ్చిచ్చి, "స్వామన్నా, జర గట్టిగ రాయి. రాఘవేంద్ర గారికి చెప్పిన, ఈ నెలది నాదేనన్నరు" అని భుజం తట్టి వెళ్లాడు.

కుమారస్వామి రాఘవేంద్ర గారి దగ్గరికి వెళ్లి యశోదమ్మ సంగతి చెప్పాడు. ఆయన విన్నారు. ఆయనేం కఠినమైన మనిషి కాదు.

"మంచిదే. వచ్చే నెల ఆవిడకి వేద్దామండీ."

"వచ్చే నెలకు ఆమె ఈడ ఉండది సార్."

"ఊరికి పోస్టులో పంపుదాం."

"చేతిల పట్టుకొని దిగాలె సార్ ఆమె. బస్సు దిగంగనే మొదట కనపడేది ఆడిబిడ్డే."

"పోనీ ఈ నెల ఇద్దరికీ..." అని, వెంటనే తల అడ్డంగా ఊపారు. "వద్దు. ఒకరికి సడలిస్తే రేపు ఆ హెడ్మాస్టరుగారు మెట్లెక్కుతారు. చూడండి కుమారస్వామి గారూ, మాటిచ్చేశాను. వెనకట్ట లేకపోతే మనకి ముందు అట్ట కూడా ఉండదు."

అది నిజం. ఆ వెనకట్ట మీదే కుమారస్వామి జీతం, నా జీతం, కాగితం, సిరా, అన్నీ నడుస్తున్నాయి. కుమారస్వామి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుని, ఆ పూటంతా ఒక్క ముక్క రాయలేదు.

ఆ సాయంత్రం ఇంట్లో సంధ్యకి చెప్పాడట. ఆవిడ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ, తలెత్తకుండా అడిగింది. "ఆ మాట లేకుంటె క్రాంతికుమార్‌కు ఏమైతది?"

"కోపమొస్తది."

"యశోదమ్మకు లేకుంటె?"

జవాబు కోసం ఆగకుండా ఆవిడ ఇంకో పేపరు తీసుకుంది.

*

మెస్ ఆఖరి రోజు ఆదివారం పెట్టుకున్నారు. ఎవరు కబురు చేశారో గానీ, సందు పట్టనంతమంది వచ్చారు. ఒక తహశీల్దారు, ఒక సబ్ రిజిస్ట్రారు, యూనిఫాం లేకుండా ఒక ఎస్సై, ఉద్యోగాలు రాని చాలామంది. ఉద్యోగం వచ్చినవాళ్లూ రానివాళ్లూ ఒకే వరసలో కింద కూర్చున్నారు. శాలువాలు తెచ్చారు. యశోదమ్మ శాలువా కప్పుకుని వడ్డించడం కుదరదని తీసి మేకుకి తగిలించింది. రాఘవేంద్ర గారు కూడా వచ్చారు. కింద కూర్చోవడం అలవాటు లేక కాళ్లు ఎటు పెట్టుకోవాలో తెలియక ఇబ్బంది పడ్డారు గానీ, పప్పుచారు రెండోసారి అడిగి పోయించుకున్నారు.

క్రాంతికుమార్ కారు సందు చివర ఆపి వచ్చాడు. తిని, చెయ్యి కడుక్కోకుండా కూర్చున్నాడు.

"ఏంది బిడ్డా?" అంది యశోదమ్మ.

"ఇంకోటి ఉన్నదా అమ్మా?"

ఆవిడ నవ్వి గిన్నె వంచి చూపించింది. "ఇయ్యాల మస్తు మిగిలినయ్. తిను."

క్రాంతికుమార్ రెండు గుడ్లు తిన్నాడు. కళ్లు తుడుచుకుని, కారం ఎక్కువైందన్నాడు.

మరునాడు కుమారస్వామి నాకు కాగితాలిచ్చాడు. ఎడమ పక్కన ఖాళీగానే ఉన్నాయి. కోచింగ్ సెంటర్ వార్షికోత్సవం వార్త పొందిగ్గా ఉంది: "క్రాంతికుమార్ అధ్యక్షత వహించి విద్యార్థులకు బహుమతులు అందజేశారు." ఫొటో పెద్దదే వేయమన్నాడు. దాని పక్క పేజీలో, యశోదమ్మ ఫొటోతో, రెండోది. "అశోక్‌నగర్ ప్రముఖ యశోదమ్మ ఈ నెలతో తమ మెస్ మూసివేశారు. వారి చేతి భోజనం చేసినవారిలో..." అంటూ తహశీల్దారు పేరు, సబ్ రిజిస్ట్రారు పేరు, ఎస్సై పేరు, ఉద్యోగం రానివాళ్ల పేర్లు, క్రాంతికుమార్ పేరు, చివర్న తన పేరు. అన్నీ ఉత్త పేర్లు.

"ప్రముఖ ఏమిటి కుమారస్వామీ?" అన్నాను. "ప్రముఖ నిర్వాహకురాలా, ఏమిటి?"

"మస్తు ఆలోచించినక్కా. వంటమనిషి అంటే ఎల్లవ్వ నవ్వుతది. నిర్వాహకురాలు అంటే యశోదమ్మకే నోరు తిరగది. ఉత్త ప్రముఖ అని వదిలేసిన. ఎవ్వరు అడగరు."

"అది కాదు, రాఘవేంద్ర గారు చూశారా?"

"సంచికకు ఒక్కటే అన్నరు. ఒక్కటే రాసిన." కాగితాలు నా వైపు ఇంకొంచెం జరిపి, "నువ్వు కొట్టు అక్కా. మాటొస్తే నా మీదకే రానీ" అన్నాడు.

నేను కొట్టాను. ఒకటే మాట కదా, ఎంతసేపు!

సంచికలు వచ్చిన పూటే కుమారస్వామి ఒక కట్ట పట్టుకుని అశోక్‌నగర్ వెళ్లాడు. యశోదమ్మ సామాన్లు గోనెసంచుల్లో కట్టి గడప మీద కూర్చుని ఉంది. అలమరా అరలు ఖాళీ. ఇతను చదివి వినిపించాడు. మళ్లీ చదవమంది. తర్వాత, "ఆ మాట ఏడుంది?" అంది. చూపిస్తే, దాని మీద వేలు పెట్టి, పైన దుమ్ము ఉన్నట్టు మెల్లగా తుడిచింది.

"మడతవెట్టి సంచిల పెట్టనా అమ్మా?" అన్నాడు.

"మడత దాని మీద పడకుంట పెట్టు" అంది.

ఆమె ఊరు చేరిన సంగతి తర్వాత ఫోన్లో తెలిసింది. ఎల్లవ్వ పత్రిక తిప్పి తిప్పి చూసిందట. మనవరాలితో చదివించుకుందట. ఆఖరికి, "ఫొటోల లావయ్యినవే" అందట. అంతకు మించి ఏమీ అడగలేదట. యశోదమ్మ ఆ సంగతి చెబుతుంటే ఫోన్లో నవ్వు ఇవతల నాకు కూడా వినపడింది.

ఇక్కడ ఆఫీసులో రాఘవేంద్ర గారు సంచిక తిరగేశారు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి. యశోదమ్మ వార్త దగ్గర ఆగారు. మేమిద్దరం ఎవరి పని వాళ్లం చేస్తున్నట్టు కూర్చున్నాం. ఆయన వెనకట్ట వైపు చూశారు. మళ్లీ లోపలి పేజీ చూశారు.

"ఒక్కటే ఉంది" అన్నారు చివరికి, తనకి తనే చెప్పుకున్నట్టు. "పప్పుచారు బాగా చేసేదండీ ఆవిడ."

అప్పుడే బల్ల మీద ఫోన్ మోగింది. రాఘవేంద్ర గారు పేరు చూసి, స్పీకర్ నొక్కి, ఫోన్ ఎత్తి కుమారస్వామి ముందు పెట్టారు. "కుమారస్వామి గారూ, మీ రాతే కదా. మీరే మాట్లాడండి."

"ఏంది స్వామన్నా గిది?" క్రాంతికుమార్ గొంతు గదంతా నిండింది. "ఈ నెలది నాకని మాటిచ్చిన్రు గదా! ముందుగాల అడిగింది నేను. నా పేరు ముందట ఏం లేదు, యశోదమ్మకు మాత్రం ప్రముఖనా? గట్లెట్ల జేస్తవ్?"

కుమారస్వామి ఫోన్ దగ్గరికి వంగాడు.

"ఒక్కటే మిగిలింది తమ్మీ, ఆకలి మీదున్నోళ్లకు పెట్టిన."